40 మైక్రాన్ల ఆస్తి: ఇంటి దగ్గర కారు పెయింటుకు పాలిష్ పెట్టడం వెనుక లెక్క

నల్ల రంగు కారును మధ్యాహ్నపు ఎండలోకి తెచ్చి, బానెట్ మీద సూర్యుడి వెలుగు మెరిసే చోటును గమనిస్తే, ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి వలయాలు కనిపిస్తాయి. తల కాస్త పక్కకు జరిపితే ఆ సాలెగూడు కూడా వెలుగుతోపాటే జరుగుతుంది. ఎవరో గుండ్రంగా రుద్దడం వల్ల ఈ గీతలు పడ్డాయని చాలామంది అనుకుంటారు కానీ, అవి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడిన మామూలు గీతలు. వాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే కాంతిని మన కంటివైపు తిప్పుతాయి కనుక, కన్ను వాటినే ఏరుకుని వలయాలుగా కూర్చుకుంటుంది. ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు పళ్లేన్ని బల్బు కింద పట్టి చూసినా ఇదే దృశ్యం.

ఈ గీతల్లో ఎక్కువ భాగం ప్రయాణంలో పడినవి కావు, ఇంటి దగ్గర తుడిచేటప్పుడు పడినవి. మన అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే పాత గుడ్డతో పది కార్లు తుడవడం రివాజు. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక ప్రధానంగా స్ఫటికం (క్వార్ట్జ్); ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 7. కారు పెయింటు ఏదైనా దాని ముందు మెత్తనిదే. పొడిగా ఉన్న దుమ్ము మీద గుడ్డ వేసి లాగితే ఆ గుడ్డ గరుకు కాగితంగా మారుతుంది. ఈ పని ఏడాదికి మూడు వందల సార్లు జరుగుతుంది.

ఈ గీతలను మిషనుతో ఎలా తీస్తారో తెలుసుకునే ముందు అవి దేనిలో పడ్డాయో తెలియాలి. ఇప్పటి కార్ల రేకు మీద నాలుగు పొరలు ఉంటాయి. తుప్పు పట్టకుండా విద్యుత్తు సాయంతో అతికించిన పొర అన్నిటికన్నా కింద ఉంటుంది; దాని మీద ప్రైమరు, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికన్నా పైన రంగులేని, పారదర్శకమైన క్లియర్ కోటు. ఈ నాలుగూ కలిపి కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కొన్ని కార్లకు అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. అందులో క్లియర్ కోటు వాటా దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక మందం కన్నా తక్కువ. మనం చూసే గీతలు, మెరుపు, మెరుపు తగ్గడం అన్నీ ఈ పొరలోనే జరుగుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కింది రంగును తినేయకుండా ఆపే రసాయనాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి.

పాలిష్ పెట్టడమంటే ఏదో పూసి గీతలను పూడ్చడమని మనలో ఒక నమ్మకం ఉంది. పాత ఇళ్లలో మొజాయిక్ గచ్చుకు మిషను పెట్టించిన వారికి అసలు సంగతి సులువుగా అర్థమవుతుంది. అక్కడ ముందు గరుకు రాయితో, తరువాత నునుపు రాయితో గచ్చును అరగదీసి ఎగుడుదిగుళ్లను సమం చేస్తారు. కారు పెయింటు విషయంలోనూ గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు దాకా దించుతాము. గీతకు అంచులు లేకుండా పోతాయి కనుక గీత మాయమవుతుంది. సన్నని పాలిష్ ఒక మైక్రానుకు అటూ ఇటూగా తీస్తుంది, గట్టి కాంపౌండు, అంటే ఎక్కువ గరుకుగా ఉండే పాలిష్ అయితే రెండు మూడు మైక్రాన్లు తీస్తుంది. కారు జీవితకాలం మొత్తంలో ఏడెనిమిది మైక్రాన్లకు మించి క్లియర్ కోటును తీయకూడదని ఈ పని తెలిసినవారు లెక్క వేసుకుంటారు. అంతకు మించితే ఎండను ఆపే శక్తి తగ్గి, కొన్నేళ్లకు రూఫు మీద, బానెట్ మీద ఎండకు ఒలిచిన చర్మంలా పెయింటు పెచ్చులు లేస్తుంది. ఆ దశకు వచ్చాక ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

కాబట్టి ఇది ఖర్చు పెట్టడమే తప్ప జమ వేసే వీలు లేని ఖాతా. ప్రతి సర్వీసుకూ ‘రబ్బింగ్, పాలిష్’ అని బిల్లులో చేర్పించుకునే వారు ఈ ఖాతాను తమకు తెలియకుండానే ఖాళీ చేసుకుంటున్నారు. ఇంటి దగ్గర ఈ పని నేర్చుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం డబ్బు మిగలడం కాదు; ఎంత తీస్తున్నామో, ఎక్కడ ఆపాలో మన చేతిలో ఉండటం. గోరు పెట్టి గీకితే గోరు ఆగేంత లోతు గీతను పూర్తిగా తీయాలనుకోకూడదు. దాని అంచులను కొద్దిగా మెత్తబరిచి, మిగిలినదానితో కాపురం చేయడమే తెలివి.

పెయింటు మందం కొలిచే చిన్న మీటరు దొరికితే పని మొదలుపెట్టే ముందు ప్రతి రేకునూ నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోవడం మంచిది. మిగతా రేకులన్నీ 110 దగ్గర చూపిస్తూ ఒక తలుపు మాత్రం 250 చూపిస్తే అది మళ్లీ పెయింటు పడిన తలుపు. వెయ్యి దాటితే లోపల లప్పం ఉందన్నమాట. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి ఈ మీటరు పాలిష్ కన్నా ఎక్కువ ఉపయోగం. అయితే అది చూపించేది అన్ని పొరల మొత్తం మందమే తప్ప క్లియర్ కోటు మందం కాదు. చవక మీటర్లు కొన్ని ఇనుప రేకు మీద మాత్రమే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపరు మీద ఏమీ చూపించవు. కొన్ని పాత కార్లకు, కొన్ని సాదా రంగులకు క్లియర్ కోటు ఉండదు. ఒక మూల కాస్త రుద్ది చూసినప్పుడు పాలిష్ రుద్దే ప్యాడుకు కారు రంగు అంటుకుంటే అది అలాంటి పెయింటని గుర్తు.

మిషను ముట్టుకునే ముందు కడగడం ఒక్కటే సగం పని. ముందు నీటి ధారతో, వీలైతే నురుగు చల్లి, వదులుగా ఉన్న మట్టినంతా జార్చాలి. తరువాత రెండు బకెట్లు కావాలి: ఒకదానిలో కారు షాంపూ నీళ్లు, రెండోదానిలో చేతి తొడుగును జాడించుకోవడానికి వట్టి నీళ్లు. పైనుంచి కిందికి కడుగుతూ రావాలి. కడిగాక చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి రేకు మీద తడిమితే, శుభ్రంగా కనిపిస్తున్న పెయింటు మీద కూడా రవ్వరవ్వగా తగులుతుంది. అందులో కొంత బ్రేకుల నుంచి రాలి పెయింటులో గుచ్చుకున్న ఇనుప రజను. దాన్ని కరిగించే ద్రావణం చల్లితే ఊదారంగు చారలు కారతాయి, వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డును తలపిస్తుంది. మిగిలిన తారు మరకలకు, చెట్ల జిగురుకు క్లే బార్ వాడతారు. అది చపాతీ పిండిలా మెత్తగా ఉండే ముద్ద. తడి రేకు మీద జారిస్తే పైకి పొడుచుకొచ్చిన మురికిని లాగేస్తుంది. కింద పడిన క్లే ముద్దను మళ్లీ వాడకూడదు, దానికంటిన ఇసుక అంతా పెయింటు మీదకే వస్తుంది. ముద్ద ఖరీదు చూసి వెనకాడితే, ఆ పొదుపును మళ్లీ క్లియర్ కోటుతోనే చెల్లిస్తాము.

ఇక మిషను సంగతి. టింకరింగ్ షెడ్లలో కనిపించేది రోటరీ. దాని ప్యాడు ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. త్వరగా కోస్తుంది, అంతే త్వరగా వేడెక్కిస్తుంది, చేతివాటం లేనివారి చేతిలో ఎండలో రంగురంగుల నీడల్లా కనిపించే కొత్త చారలను మిగులుస్తుంది. ఇంట్లో నేర్చుకునేవారికి తగినది డ్యుయల్ యాక్షన్ పాలిషరు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు, దీని ప్యాడు తన ఇరుసు మీద తిరుగుతూనే మరో చిన్న వలయంలో కదులుతుంది. ఆ వలయం వ్యాసం సాధారణంగా 8, 15 లేదా 21 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే చోట ఒకే గీత పదేపదే పడదు కనుక వేడి తక్కువ, ప్రమాదమూ తక్కువ. 21 మిల్లీమీటర్లది విశాలమైన బానెట్ మీద హాయిగా నడుస్తుంది కానీ వంపుల మీద ప్యాడు తిరగడం ఆగి వట్టినే అదురుతుంది. మన చిన్న కార్ల మెలికలకు 8 లేదా 15 మిల్లీమీటర్లదే సుఖం. ప్యాడు వెనక పళ్లెం అంచుకు మార్కరుతో ఒక గీత పెట్టుకుంటే అది తిరుగుతున్నదో లేదో పని మధ్యలో కూడా కంటికి తెలుస్తుంది. డ్రిల్లు మిషనుకు ప్యాడు బిగించి పని కానిచ్చేద్దామనుకునేవారు, అంతకన్నా ఘోరంగా నాలుగంగుళాల గ్రైండరుకు బిగించేవారు కూడా ఉన్నారు. ఆ గ్రైండరు నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. రోటరీ పాలిషరు వేగం సాధారణంగా 3 వేలకు మించదు. ఈ రెండు అంకెల మధ్య తేడా పెయింటు మీద కొన్ని సెకన్లలోనే కనిపిస్తుంది.

కోత ఎంత గట్టిగా ఉండాలన్నది మూడింటి కలయిక నిర్ణయిస్తుంది: ప్యాడు, దాని మీది ద్రవం, చేతి ఒత్తిడి. ఉన్ని, మైక్రోఫైబరు ప్యాడ్లు ఎక్కువ కోస్తాయి, మెత్తని స్పాంజి ప్యాడ్లు నునుపు చేస్తాయి. ప్యాడ్ల రంగులను నమ్ముకోకూడదు. ఒక కంపెనీ నారింజ రంగు ప్యాడు మరో కంపెనీ నారింజతో సమానం కాదు. కాంపౌండులో ఉండే సన్నని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కొన్ని రకాల్లో రుద్దే కొద్దీ నలిగి చిన్నవవుతాయి, మరికొన్నింటిలో చివరి దాకా అలాగే ఉంటాయి. మొదటి రకాన్ని సగంలో ఆపేస్తే గరుకుతనం అలాగే మిగిలిపోతుంది కనుక, ద్రవం దాదాపు పారదర్శకం అయ్యేదాకా నడపాలి.

ఏ కారు పెయింటు గట్టిదో, ఏది మెత్తనిదో పుస్తకం చెప్పదు, పరీక్ష చెబుతుంది. బానెట్ మీద రెండు అడుగుల చదరాన్ని అంటింపు టేపుతో గిరి గీసుకుని, అన్నిటికన్నా మెత్తని ప్యాడుతో, అన్నిటికన్నా సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి. ఫలితం చాలకపోతే ముందు ప్యాడును, ఆ తరువాతే ద్రవాన్ని ఒక మెట్టు పెంచాలి. నూటికి నూరు శాతం గీతలు పోవాలని పట్టుబట్టకుండా, నాలుగు అడుగుల దూరం నుంచి కంటికి నచ్చితే అక్కడ ఆగడం నేర్చుకోవాలి. ఈ పరీక్షకు సొంత కారును కూడా వాడకుండా, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత కారు బానెట్ ఒకటి కొని దాని మీద చేయి తిప్పుకోవడం ఇంకా మంచిది. నేను అలాంటి బానెట్ మీద కావాలనే ఒక మడత అంచును పెయింటు పోయేదాకా రుద్ది, అందుకు ఎంతసేపు పట్టిందో చూసుకున్నాను. ఆ సమయం నేను ఊహించినదానిలో పావు వంతు కూడా లేదు.

అంచుల భయం ఉత్తది కాదు. తడిగా ఉన్నప్పుడు పెయింటు మడతల మీద నుంచి పక్కకు జారుతుంది కనుక అక్కడ పొర పలుచన. పైగా ప్యాడు బరువంతా ఆ సన్నని గట్టు మీదే పడుతుంది. అందుకే తలుపు అంచులను, రేకు మడతలను, రబ్బరు పట్టీలను ముందే టేపుతో కప్పుతారు. బంపరు ప్లాస్టిక్ వేడిని రేకులాగా పక్కకు పంచలేదు కనుక అక్కడ వేగం, ఒత్తిడి రెండూ తగ్గించాలి. పని నీడలోనే జరగాలి. రేకు మీద అరచేతిని హాయిగా ఆనించి ఉంచలేకపోతే అది ఇంకా వేడిగా ఉన్నట్టే. మే నెలలో తెలుగు నేల మీద ఈ పనికి తెల్లవారుజామునో, సెల్లారులోనో తప్ప చోటు లేదు. సెల్లారు అయితే నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచుకోవాలి.

నడిపే తీరులో రహస్యం ఏమీ లేదు, ఓపిక మాత్రం కావాలి. ప్యాడు మీద కందిగింజంత చుక్కలు నాలుగైదు వేసి, మిషను ఆపి ఉండగానే రేకు మీద అద్ది, తక్కువ వేగంలో పరిచి, ఆపైన వేగం పెంచాలి. చేయి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. ఒక వరుస సగం మీదకు మరో వరుస వచ్చేలా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు నడపాలి. మిషను ప్యాడు బల్లపరుపుగా ఆని ఉండాలి, ఒక పక్కకు వాలితే ఆ పక్కే కోస్తుంది. వైరును భుజం మీదుగా వేసుకుంటే అది పెయింటును ఒరుసుకోదు. చదరం చదరానికీ ప్యాడును బ్రష్‌తో శుభ్రం చేయాలి. అరిగిన పెయింటు పేరుకున్న ప్యాడు కోయడం మానేసి పూయడం మొదలుపెడుతుంది. మొదటిసారి చేసేవారికి ఒక చిన్న కారుకే రెండు రోజులు పడుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఒకటి ఉంది. పాలిష్ ద్రవాల్లో నూనెలుంటాయి. అవి మిగిలిన గీతల్లో నిండి, తలకు కొబ్బరినూనె రాసినట్టు తాత్కాలికంగా నిగనిగలాడిస్తాయి. రెండు కడుగుళ్ల తరువాత గీతలు తిరిగి వచ్చాయని వాపోయే వారికి నిజానికి అవి పోనే లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీటిలో 10, 15 శాతం కలిపి తుడిచి, ఎల్ఈడీ టార్చిని పక్కనుంచి వేసి చూస్తేనే మిగిలినదెంతో తెలుస్తుంది. అమ్మకానికి పెట్టిన పాత కారు అతిగా మెరిస్తే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

పాలిష్ పెయింటును సమం చేస్తుంది, కాపాడదు. కాపాడేది ఆ పైన వేసే పొర, మాయమాటలు ఎక్కువగా వినిపించేది కూడా దాని గురించే. పాత పద్ధతిలో కార్నౌబా మైనం వాడతారు. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి దాన్ని తీస్తారు. మైనాల్లో గట్టిదే అయినా 85 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన వేసవిలో, మన షాంపూల కింద దాని ఆయుష్షు కొన్ని వారాలు. మైనానికి బదులు వాడే కృత్రిమ పూతలైన సింథటిక్ సీలెంట్లు కొన్ని నెలలు నిలుస్తాయి. కొత్త కారు డెలివరీ రోజున బిల్లులోకి చేరే ‘టెఫ్లాన్ కోటింగ్’ గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు. దోసె పెనం మీద టెఫ్లాన్ అతుక్కోవాలంటే దాన్ని కరిగేంత వేడికి కాల్చాలి, అది కరిగేది 327 డిగ్రీల దగ్గర. కారు పెయింటును ఆ వేడికి తీసుకువెళితే కోటింగ్ వేయడానికి కారు మిగలదు. ఆ పేరుతో పూసేది కొద్ది నెలలు నిలిచే మామూలు సీలెంటు అనుకుంటే మనసు కుదుటపడుతుంది.

సిరామిక్ కోటింగ్ వీటన్నిటికన్నా మెరుగైనదే. సిలికాన్ ఆధారమైన ఆ ద్రవం గాలిలోని తేమతో చర్య జరిపి, పెయింటును పట్టుకుని గట్టి పొరగా మారుతుంది. సరిగా వేసి, సరిగా కడుగుతుంటే ఒకటి నుంచి మూడేళ్లు ఉంటుంది. కానీ దాని డబ్బా మీద రాసే ‘9హెచ్’ను చదివి వజ్రానికి ఒక మెట్టు కింద ఉన్న కాఠిన్యమని నమ్మేవారున్నారు. అది మోస్ కొలమానం కాదు, బొమ్మలు గీసే పెన్సిళ్ల కొలమానం. పెన్సిలును 45 డిగ్రీల కోణంలో పెట్టి నెడితే 9హెచ్ పెన్సిలు కూడా గీత పెట్టలేదని దాని అర్థం. పెన్సిలు ములికి గ్రాఫైటు, బంకమట్టి కలిపి కాల్చినది. మన రోడ్డు మీద ఎగిరేది స్ఫటికపు ఇసుక. పైగా ఆ పొర మందం దాదాపు ఒక మైక్రాను. తుడుపు గీతలను అది కొంత తగ్గిస్తుంది, పక్షుల రెట్ట పెయింటును వెంటనే తినకుండా కొంత వ్యవధి ఇస్తుంది, మురికి సులువుగా వదిలేలా చేస్తుంది. గులకరాయి దెబ్బను ఆపలేదు. దాన్ని ఆపేది 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పాలియురిథేన్ ఫిల్మ్ మాత్రమే. హైవే మీద ఎక్కువ తిరిగేవారు కనీసం బానెట్ ముందు భాగానికి, బంపరుకు వేయించుకోవడంలో అర్థముంది, అయితే అది ఇంట్లో మొదటిసారి ప్రయత్నించే పని కాదు.

సిరామిక్ కోటింగును ఇంట్లో వేసుకోవచ్చు, వేగం ఉండాలి. అడుగున్నర చదరం మేర అడ్డంగా, నిలువుగా పూసి, ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మైక్రోఫైబరు గుడ్డతో సమం చేయాలి. ఎండాకాలంలో అది చూస్తుండగానే గట్టిపడుతుంది. తుడవకుండా వదిలేసిన చోట మరకలా గట్టుకట్టి, మళ్లీ పాలిష్ పెడితే తప్ప పోదు. గాలి ఆడే చోట, చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని వేయాలి. 24 గంటలు నీరు తగలకూడదు, వారం దాకా షాంపూ వాడకూడదు. కింద మిగిలిన గీతలన్నీ ఈ పొర కింద భద్రంగా ఉండిపోతాయి కనుక, పాలిష్‌లో బద్ధకించి కోటింగు మీద ఆశ పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

కోటింగు వేసిన కార్లను కూడా మన దగ్గర ముందుగా పాడుచేసేది బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరిన చోట తెల్లటి చుక్కలుగా మిగిలి, ఎండకు పెయింటులోకి దిగుతాయి. కోటింగు మీద నీరు ముత్యాల్లా నిలుస్తుందని మురిసిపోతాము కానీ, ఆరనిస్తే ఒక్కో ముత్యం ఒక్కో మరక. నీళ్లు వృథా కాకూడదని ఆర్ఓ ఫిల్టరు వదిలేసే నీటితో కారు కడిగేవారు, ఫిల్టరు ఏరి పారేసిన లవణాలనే కారుకు పూస్తున్నారు. దానికి బదులు ఏసీ గొట్టం నుంచి కారే నీటిని పట్టుకుని చివరి జాడింపుకు వాడితే మేలు. అది గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీరు, అందులో లవణాలు దాదాపు ఉండవు. మా ఇంట్లో వేసవిలో రాత్రికి ఒక బకెట్టు నిండుతుంది.

చివరగా తుడుపు గుడ్డ దగ్గరకు రావాలి. రెండు రోజులు నడుము పడిపోయేలా పాలిష్ పెట్టిన మర్నాడు, మా వాచ్‌మన్ అలవాటు ప్రకారం పొడి గుడ్డతో బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు. వద్దన్నాను. దుమ్ము పట్టిన కారును చూసి నెలాఖరున డబ్బులు తగ్గిస్తానేమోనని అతని అనుమానం. ‘తుడవనందుకే ఇస్తాను, అద్దాలు మాత్రం తుడువు’ అంటే తమాషా చేస్తున్నాననుకున్నాడు. రెండు నెలలు వరుసగా పూర్తి డబ్బులు చేతిలో పడ్డాక గానీ నమ్మలేదు. ఇప్పుడు కారు వారమంతా దుమ్ముతో ఉంటుంది, ఆదివారం ఉదయం రెండు బకెట్లతో నేనే కడుగుతాను.